మనసు వినే వృత్తికి మూలధనం ఎవరిస్తారు?

వికారాబాద్‌లో ‘కోచింగ్’ అంటే ఎప్‌సెట్, గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల శిక్షణే. హైదరాబాద్ మాదాపూర్‌లో అదే మాటకు మరో అర్థం ఉంది. ఉద్యోగంలో ఎదుగుదల, నాయకత్వం, జీవన లక్ష్యాల గురించి గంటకింత అని రుసుము తీసుకుని దారి చూపే వృత్తి అది. సైకాలజీ చదివినవారు కౌన్సెలింగ్ ప్రాక్టీసుకు ఈ రెండో రకం కోచింగ్‌ను జోడించి, ఎవరి కిందా కొలువు చేయకుండా బతకడం నగరాల్లో గౌరవప్రదమైన బాటగా మారింది. ఆ బాటలో వికారాబాద్, తాండూరు ప్రాంతాల దళిత, లంబాడా, బీసీ పట్టభద్రులు నడవగలరా? ప్రతిభ ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

అవసరం లేదని ఎవరూ అనలేరు. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో దుమ్ము మింగే కూలీలున్నారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ దాన్ని పండించే కౌలు రైతు అప్పు తీరలేదు. తండాల నుంచి వచ్చి సంక్షేమ హాస్టళ్లలో చేరిన పిల్లలున్నారు. దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, చాలా రుగ్మతల విషయంలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. మన బాధను లెక్కించినవారే లేనప్పుడు వినేవారి కొరత గురించి ఎవరు ఆలోచిస్తారు?

చట్టం ఈ వృత్తికి కొన్ని గడపలు కట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎం.ఏ. సైకాలజీ పట్టా ఉన్నంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. మండలిలో నమోదు కాకుండా ఆ ప్రాక్టీసు చేస్తే 1992 నాటి చట్టం కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇక 2025 విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలో సైకాలజీ బోధనను యూజీసీ నిలిపివేసింది. ప్రమాణాల దృష్టితో అది సరైన నిర్ణయమే. కానీ పగలు కూలికో, చిన్న ఉద్యోగానికో వెళ్తూ రాత్రి చదువుకునే మొదటితరం విద్యార్థికి ఉన్న ఏకైక తలుపు మూసి, దాని పక్కన మరొకటి తెరవకపోవడాన్ని ఏమనాలి?

సరే, పట్టా చేతికొచ్చింది. తర్వాత? సొంత ప్రాక్టీసుకు మొదటి ఏడాది రోగులు రారు. గది అద్దె మాత్రం నెలనెలా వస్తుంది. ఆ ఖాళీ నెలలను భరించే తండ్రి ఆస్తి, “మా అమ్మాయి దగ్గరికి పంపండి” అని డాక్టరు మిత్రుడికి ఒక్క ఫోను చేయగల మేనమామ, ఇంటిపేరు అడగకుండా గది ఇచ్చే యజమాని... ఈ మూడూ కొందరికి పుట్టుకతోనే వస్తాయి. 1917లో లండన్ నుంచి తిరిగివచ్చిన అంబేడ్కర్ బొంబాయిలో పెట్టుబడి సలహాల సంస్థ ప్రారంభించారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన ఆయన అస్పృశ్యుడని తెలియగానే ఖాతాదారులు తప్పుకున్నారు. సంస్థ మూతపడింది. 1918లో ఆయన సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్య పదవి చేపట్టారు. సలహా అమ్ముకునే వృత్తిలో సరుకు నమ్మకమే. నమ్మకాన్ని కులం ముందే పంచిపెట్టి ఉంచింది.

గది లోపల మరో సమస్య. హాస్టల్లో తన కంచం వేరుగా పెట్టారని ఒక దళిత విద్యార్థిని చెబితే, కులం తెలియని, తెలుసుకోవాలనుకోని కౌన్సెలర్ దాన్ని ‘ఆత్మన్యూనత’ అని రాసుకుంటారు. గాయం చేసినవారు ఆ కాగితంలో కనిపించరు, గాయపడిన మనిషి లోపం ఒక్కటే మిగులుతుంది. 2016లో రోహిత్ వేముల మరణం తర్వాత కూడా మన సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో కులం ఒక అధ్యాయం కాలేదు. అలాగని స్వకులం వారే వినాలనడమూ పొరపాటే. చిన్న ఊళ్లో సొంత వాడ మనిషి దగ్గర గుట్టు దాగదేమోనన్న భయం చాలా మందికి ఉంటుంది. కులాన్ని గుర్తుపట్టే శిక్షణ ప్రతి కౌన్సెలర్‌కూ అవసరం. ఇక దళిత కౌన్సెలర్ దగ్గరికి వచ్చేవారిలో కొందరు “మనవాళ్లమే కదా” అని రుసుము ఎగ్గొడతారు, మరికొందరు గుమ్మం నుంచే వెనుదిరుగుతారు. సేవ అనే పేరుతో బహుజనుల శ్రమను ఉచితం చేయడం ఈ సమాజానికి పాత అలవాటు.

కోచింగ్ ఇక్కడే అక్కరకు వస్తుంది. దానికి ప్రభుత్వ లైసెన్సు లేదు, చెల్లించగల ఖాతాదారులున్నారు. వారాంతాల్లో అనంతగిరి రిసార్టులకు వచ్చే నగర ఉద్యోగులే ఒక మార్కెట్. ఆ రాబడితో తాండూరులో తక్కువ రుసుముకు కౌన్సెలింగ్ నడపవచ్చు. లైసెన్సు లేకపోవడమే ప్రమాదం కూడా. రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో కుంగుబాటుకు ‘మోటివేషన్’ అమ్మేవారు ఇప్పటికే ఉన్నారు. అందుకే రెండు పనులకూ రెండు బోర్డులు, రెండు రికార్డులు ఉండాలి. ఒకే మనిషికి ఏకకాలంలో రెండూ చేయకూడదు. అన్నట్టు, ఆ ఖరీదైన కోచింగ్‌కు ఆంగ్లమూ, కార్పొరేట్ పరిచయాలూ కావాలి. అక్కడా ఆట మొదటి నుంచే మొదలవుతుంది.

వ్యక్తిగత నమ్మకం కులం చేతిలో ఉన్నప్పుడు సంస్థాగత ఒప్పందమే దారి. విశాఖపట్నంలో ‘నీట్’ విద్యార్థిని మరణంపై వచ్చిన సుఖ్‌దేబ్ సాహా కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు విద్యార్థులను బయటి నిపుణుల దగ్గరికి పంపే అధికారిక ఏర్పాటు చేసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులతో వివక్ష లేకుండా, సున్నితంగా వ్యవహరించేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. అమలును చూసేందుకు కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్‌లలోని కళాశాలలూ గురుకులాలూ కలిసి వారానికి ఇన్ని గంటలని రుసుము చెల్లించి స్థానిక పట్టభద్రులతో ఒప్పందం చేసుకుంటే, ఆ మొదటి ఏడాది అద్దె వెళ్లిపోతుంది. విద్యార్థి సంఘాలు సమాచార హక్కు చట్టం కింద జిల్లా యంత్రాంగానికి మూడు ప్రశ్నలు పంపాలి. కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది? ఎన్ని సంస్థల్లో కౌన్సెలర్లున్నారు, ఎంత వేతనానికి? వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎందరు?