పిచ్చుక ఎగరాల్సిన చోటు

పోయిన శ్రావణంలో ఒకమ్మాయి తన ముత్తాతగారి జేబు గడియారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "దీన్ని నడిపించండి అంకుల్. తర్వాత వెనక మూత మీద ముత్తాతగారి పేరు చెక్కించాలి. బోలెడంత చోటు ఖాళీగా ఉంది కదా!" అంది.

మూత తిప్పి చూశాను. ఒక అంచు నుంచి వంగిన రెండు వెదురు కొమ్మలు, వాటి మీంచి రెక్క విప్పుతున్న ఒక పిచ్చుక. తక్కిందంతా ఉత్త వెండి. లోపలి యంత్రం స్విట్జర్లాండ్‌ది, మూత మీది బొమ్మ జపాన్ పద్ధతిది. నలభై ఏళ్లుగా గడియారాలు విప్పి బిగిస్తున్నాను. ఇలాంటి మూత చేతికొస్తే మాత్రం ఇప్పటికీ పని పక్కన పెట్టి చూస్తూ ఉండిపోతాను.

ఐరోపాలో జపాన్ బొమ్మలు రాకముందు ఖరీదైన గడియారం మూత మీద చాలాసార్లు అంగుళం ఖాళీ ఉండేది కాదు. నడుమ జెనీవా పనివాళ్లు మీనాతో వేసిన బొమ్మ, చుట్టూ పూలదండలు. ఎడమన ఏముంటే కుడినా అదే. 1854లో అమెరికాతో ఒప్పందం కుదిరాక జపాన్ తలుపులు తెరుచుకున్నాయి. 1862లో లండన్ ప్రదర్శనలో, 1867లో పారిస్ ప్రదర్శనలో జపాన్ వస్తువులను జనం కళ్లారా చూశారు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మల పుస్తకాలు కళాకారుల చేతికి అందాయి. 1866లో ఫ్రెంచ్ కళాకారుడు ఫెలిక్స్ బ్రాక్‌మోన్ వాటిలోని పక్షులను, చేపలను పింగాణీ పళ్లేల మీదికి తెచ్చాడు. నడుమన కాదు, ఓ పక్కగా, ఎక్కడ వాలాలనిపిస్తే అక్కడ వాలినట్టు. పారిస్‌లో నగల పనివాడు అలెక్సి ఫలీజ్ ఆ బొమ్మల్నే నగల మీద మీనాగా పరిచాడు. సన్నని బంగారు తీగతో గీతలు అతికి, ఆ గళ్లలో రంగు గాజుపొడి నింపి కొలిమిలో కాల్చడం ఆ పని. నగల మీద కుదిరిన ఈ కొత్త చూపు గడియారం మూత మీదికీ ఎక్కింది.

మూతకు అది అంత చక్కగా అమరడానికి కారణం కత్తి అని నా నమ్మకం. జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య త్సుబా అనే లోహపు బిళ్ల ఉంటుంది. అరచేతిలో ఇమిడేంత. దాని మీద తరచు కొంగో, రెల్లుపువ్వో, చంద్రుడో ఒక వారగా ఉంటుంది. రాగిలో కాస్త బంగారం కలిపిన షకుడో అనే లోహాన్ని మందునీళ్లలో ఉడికిస్తే నీలి ఛాయతో నల్లబడుతుంది. ఆ నలుపులో బంగారం, వెండి పొదుగుతారు. మన బిద్రీ పని ఎరిగినవాళ్లకు ఆ మెరుపు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తుల ముందు నిలబడినప్పుడు నా కళ్లు అలుగు మీద నిలవవు, పిడి దగ్గరే ఆగిపోతాయి.

ఆ షకుడో కిటుకు తెలియని ఐరోపా పనివాళ్లు తమకు తెలిసిన దారిలో వెళ్లారు. వెండిని చెక్కి, ఆ గాట్లలో వెండి, రాగి, సీసం, గంధకం కలిసిన నల్లని ముద్దను కరిగించి నింపే నీలో పని వాళ్లకు పాతదే. స్విట్జర్లాండ్‌లోని ల లోక్ల్ ఊళ్లో హుగెనాన్ సోదరుల కార్ఖానా దానికి పేరుపొందింది. రాగి పాలు పెంచి ఎర్ర బంగారం, వెండి పాలు పెంచి ఆకుపచ్చ ఛాయ బంగారం చేసి, ఒకే మూత మీద ఆకుకో రంగు, పువ్వుకో రంగు తెచ్చారు. పనితనం వాళ్లది, చూపు జపాన్‌ది.

అదే కాలంలో గడియారాలు ఎదురుదారిలో జపాన్‌కు వెళ్లాయి. 1864లో స్విట్జర్లాండ్ తరఫున జపాన్‌తో ఒప్పందం కుదుర్చుకున్న ఎమె హంబర్ గడియారాల తయారీదార్ల సంఘానికి పెద్ద. అప్పటికి జపాన్‌లో పగలు ఆరు భాగాలు, రాత్రి ఆరు భాగాలు. వేసవిలో పగటి భాగం సాగేది, చలికాలంలో కుంచించుకుపోయేది. 1873లో జపాన్ పాశ్చాత్య కాలమానానికి మారింది. 1876లో సమురాయ్‌లు బయట కత్తి ధరించడాన్ని నిషేధించింది. తరతరాలుగా కత్తుల సొగసు మీద బతికిన చేతులు ఒక్కసారిగా వేరే పని వెతుక్కోవలసి వచ్చింది. ఆ విద్యలో దిట్ట కానో నత్సువో అప్పటికే కొత్త ప్రభుత్వ నాణేలకు నమూనాలు చెక్కి ఉన్నాడు. గడియారం పుచ్చుకున్న దేశం కత్తిని దించింది. కత్తి మీది కొంగలు, వెదుళ్లు మాత్రం ఎక్కడో పశ్చిమాన గడియారాల వీపు మీద బతికాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది.

తెగిన మెయిన్ స్ప్రింగు మార్చి, నూనె వేసి గడియారం నడిపించాను. అమ్మాయి వచ్చినప్పుడు భూతద్దం చేతికిచ్చి, "పిచ్చుక ఎటు చూస్తోందో చూడమ్మా" అన్నాను. చాలాసేపు చూసింది.

"ఖాళీ వైపు."

"అది ఎగరాల్సింది అటే. అక్కడ పేరు చెక్కితే దానికి ఆకాశం ఉండదు."

వెనక మూత తెరిచి లోపలి మూత చూపించాను. నున్నగా ఉంది. ముత్తాతగారి పేరు అక్కడే చెక్కించాం.