పెరటి కొలనునకు తగిన వడపోత

మైత్రీవనము పేరులో వనమున్నది గాని, ఆ కూడలియందు నిలిచి నలుదిక్కుల జూచువారికి మేడలును, శిక్షణాలయముల పలకలును, మెట్రో రైలు వంతెనయు దప్ప వనమేదియు గన్పట్టదు. అయినను అమీరుపేట, పంజగుట్ట సందులలో పాతయిండ్ల వెనుక కొద్దిపాటి పెరడు నేటికిని అక్కడక్కడ మిగిలియున్నది. అట్టి పెరటిలో చిన్నకొలను కట్టించి, కలువలు నాటి, నాలుగు చేపలను విడువగోరువారు మొట్టమొదట ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి కలదు. మందులు వేయకయే నీరు చెడకుండుటకు ఏ విధమైన వడపోతను ఎన్నుకొనవలెను?

ఇది కేవలము వేడుకకు సంబంధించిన ప్రశ్న కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని సర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనిపెట్టినది మన సికింద్రాబాదులోనే. ఆయన పనిచేసిన భవనము అమీరుపేటకు పొరుగుననున్న బేగంపేటలో నేటికిని ఉన్నది. కదలని నీరు దోమకు పుట్టినిల్లని ఎరిగిన ఊరిలో కొలనును కట్టువాడు తన కన్నులకు మాత్రమేగాక పొరుగింటి పసిబిడ్డలకు గూడ బాధ్యుడు. నీటిని బాగుగ నుంచలేనిచో ఆ గోతిని పూడ్చి మల్లెతీగ నాటుకొనుట మేలు.

వడపోత యనగానే మనకు గుడ్డయు, జల్లెడయు స్ఫురించును. కొలను విషయమున ఈ భావము చాలదు. నీటినుండి తొలగవలసినవి మూడు: బురద, అమ్మోనియా, నైట్రేటు. బురద కంటికి కనబడును. మన పెద్దలు చిల్లగింజను అరగదీసి కడవనీటిలో గలిపి, బురదను అడుగునకు దింపెడివారు. అది చక్కని ఉపాయమే గాని బురదకే పరిమితమైనది. అమ్మోనియా నీటికి రంగు నీయదు. చేపలు తమ మొప్పలనుండియే దానిని విడుచుచుండును. మిగిలిన మేతయు, రాలిన ఆకులును కుళ్ళినపుడు అదియే పుట్టును. అద్దమువలె తేటగా నున్న నీటిలో చేపలు చచ్చి తేలుటకు తరచుగా ఇదియే కారణము.

ఈ విషమును హరించుపని ప్రకృతి కొన్ని సూక్ష్మజీవులకు అప్పగించినది. ఒక తెగవి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియును చేపలకు విషమే. మరియొక తెగవి నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది చాలవరకు నిరపాయము, పైగా మొక్కలకు ఆహారము. ఈ జీవులను 1890 ప్రాంతమున వేరుచేసి చూపిన శాస్త్రజ్ఞుడు రష్యా దేశీయుడైన వినోగ్రాడ్‌స్కీ. ఇవి నీటిలో తేలియాడుటకంటె రాళ్ళను, వేళ్ళను అంటిపెట్టుకొని యుండుటకే యిష్టపడును. వీనికి ప్రాణవాయువు పుష్కలముగా కావలెను. కనుక వీనికి నివాసముగా విశాలమైన గరుకుతలమును, ఆ తలముమీదుగా ఎడతెగక పారు నీటిని, పుట్టిన నైట్రేటును పీల్చు మొక్కలను సమకూర్చినదే నిజమైన వడపోత.

ఇక ఎన్నిక. చేపలు మూడు నాలుగింటికి మించకుండ, మేత మితముగా వేయువారికి యంత్రమే అక్కరలేదు. నీటిలో మునిగి పెరుగు నాచును, సగము నీటిని కప్పునట్లు కలువలను పెంచిన చాలును. ఎండ తగ్గినకొలది పాచియు తగ్గును. ఇసుక వడపోత త్రాగునీటికి శ్రేష్ఠమే. 1829లోనే లండనులో జేమ్స్ సింప్సన్ దానిని పెద్దయెత్తున నెలకొల్పెను. కాని చేపల కొలనులో సన్నని ఇసుక త్వరగా పూడిపోవును, ఊరక కడుగవలసివచ్చును. దానిని నేను మెచ్చను.

మూడవది తేలియాడు తెప్ప. దీనిని చూడగోరువారు దూరము పోనక్కరలేదు. మణికొండ సమీపమునగల నెక్నాంపూరు చెరువులో ధ్రువాంశ్ అను స్వచ్ఛందసంస్థ పూనికతో సుమారు 3,000 చదరపు అడుగుల తెప్ప 2018 ఫిబ్రవరి 2వ తేదీన, ప్రపంచ తడినేలల దినోత్సవమునాడు ప్రారంభమైనది. అడుగున వెదుళ్ళు, వానిపై థర్మాకోలు, దానిపై గోనెసంచులు, అన్నిటిపైన గులకరాళ్ళు పరచి, వట్టివేరు, జమ్ము, మెట్టతామర మొదలగువానిని నాటిరి. వేళ్ళు నీటిలోనికి వ్రేలాడుచుండగా సూక్ష్మజీవులు వానిని పట్టుకొని పనిచేయును. ఇదివరకే కొలను కట్టుకొని, ప్రక్కన జాగాలేనివారు ఇదే పద్ధతిని గజమంత తెప్పతో అనుసరింపవచ్చును.

ప్రక్కన జాగా కలవారికి నేను చెప్పునది గులకరాళ్ళ మడి. ఒక లెక్క చూపెదను. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతుగల కొలనులో 1,800 లీటర్ల నీరు పట్టును. దాని ఉపరితలము మూడు చదరపు మీటర్లు. అందులో మూడవవంతు, అనగా ఒక చదరపు మీటరు మడిని 40 సెంటీమీటర్ల లోతున కట్టవలెను. నీరు ప్రవేశించుచోట పెద్దరాళ్ళును, తరువాత ఉసిరికాయంత కంకరయు నింపవలెను. మన ఊరి నల్లరాతి కంకర దీనికి మిక్కిలి అనుకూలము. గంటకు 900 లీటర్లు తోడు చిన్నమోటారు కొలను అడుగునీటిని మడి యొక కొనకు చేర్చగా, అది రాళ్ళగుండ పారి, రెండవకొన జానెడెత్తునుండి తిరిగి కొలనులో పడవలెను. ఆ పడుటలోనే గాలి నీటితో కలియును. మడిలోని నీటిమట్టము రాళ్ళ పైభాగమునకు రెండంగుళములు క్రిందుగా నున్నచో దోమకు గ్రుడ్లుపెట్ట చోటు దొరకదు. అడుగున బురద విడుచుటకు ఒక గొట్టమును మరువరాదు. మేస్త్రీలు తరచుగా విడిచిపెట్టునది ఇదే.

మోటారును రాత్రివేళ ఆపి కరెంటు పొదుపుచేయుట తప్పు. నీరు నిలిచిన కొన్ని గంటలలోనే రాళ్ళపై జీవులు ఊపిరాడక నశింపసాగును. వేసవిలో ఈ జాగ్రత్త హెచ్చుగా కావలెను. 20 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడియుండగా, 30 డిగ్రీలయందు ఏడున్నరయే ఇముడును. వేడిమితో అమ్మోనియా విషమును పెరుగును. క్రొత్త సిమెంటు తొట్టిలో సున్నపుగుణ మెక్కువ గనుక అక్కడను ఇదే ప్రమాదము. నాలుగైదు మారులు నీరు నింపి పారబోసిన పిమ్మటనే చేపలను తేవలెను. కొళాయినీటిలోని క్లోరిను ఈ జీవులనే చంపును గనుక ఆ నీటిని ఒకటి రెండు దినములు తెరచిన తొట్టిలో నిలువయుంచి వాడవలెను.

అన్నిటికంటె కష్టమైనది ఓర్పు. మడి కట్టిన మరునాడే అది పనిచేయదు. జీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మొదట రెండు చేపలను మాత్రము విడిచి, మేత చిటికెడు వేయుచు వేచియుండవలెను. దోమపిల్లలను తిను చిరుచేపలను ఇందులకు ఎన్నుకొనుట ఉభయతారకము. ఇంట పిల్లలున్నచో కొలనుపై గట్టి తీగవల బిగింపక తప్పదు.

వడపోత కొక హద్దు కలదు. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున ఏర్పడిన హుస్సేన్ సాగరమునకు తన చెంతనే రాళ్ళును, రెల్లును, గాలియు కలవు. అయినను కూకట్‌పల్లి నాలా మొదలగునవి మోసికొనివచ్చిన మురుగును అది జీర్ణించుకొనలేకపోయెను. ఇంటి కొలనున చేపలను, మేతను పెంచుకొనుచు పోవుటయు అట్టిదే. మొక్కలు పీల్చిన నైట్రేటు వానిలోనే యుండును గదా! ఎదిగిన ఆకులను నెలకొకమారు కోసి వెలుపల వేయనిచో, అవి కుళ్ళి ఆ సరకునంతను తిరిగి నీటికే అప్పగించును.

గుర్రపుడెక్క నీటిని శుభ్రపరచునని విని కొందరు దానిని తెచ్చుకొందురు. అది పీల్చుమాట నిజమే. కాని దాని తునక యొకటి నాలాలో పడినచో చెరువునే కప్పివేయగలదు. దానికంటె మెట్టతామరయు, వట్టివేరును మేలు. కోసిన ఆకులను, గొట్టమునుండి వచ్చిన బురదను కాలువలో విడువక, పెరటి మూల ఎరువుగుంతలో వేసిన యెడల అవి కూరపాదులకు చక్కని బలము.