ఇంటి పద్దు – ఇద్దరి ఫోన్లు

ఈ నెల ఇంటి ఖర్చు ఎంతయిందన్న ప్రశ్నకు ఒకప్పుడు ఇంట్లో ఒక్కరే జవాబు చెప్పగలిగేవారు. జీతం నోట్ల రూపంలో వచ్చేది. బీరువాలో ఉన్న ఆ డబ్బు ఎంత తరిగిందో కంటికి కనిపించేది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత డబ్బు కంటికి కనిపించడం మానేసింది. పాల డబ్బులు ఆమె ఫోన్ నుంచి వెళతాయి, పెట్రోలు డబ్బులు అతని ఫోన్ నుంచి వెళతాయి, కరెంటు బిల్లు ఎవరికి గుర్తొస్తే వారి ఫోన్ నుంచి వెళుతుంది. 'మీరు కట్టారనుకున్నాను', 'నువ్వు కట్టావనుకున్నాను' అన్న రెండు మాటల మధ్య గడువు తేదీ దాటిపోతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి చూసుకోగల లెక్క ఒకటి ఉండాలన్న అవసరం ఇక్కడే పుట్టింది.

ఈ అవసరం కోసం తయారైన యాప్‌లు చాలా ఉన్నాయి. హనీడ్యూ ప్రత్యేకంగా దంపతుల కోసమే రూపొందింది. కానీ అది అమెరికా బ్యాంకుల ఖాతాలను దృష్టిలో పెట్టుకుని చేసినది, మన బ్యాంకులతో దానికి సంబంధం లేదు. అక్కడ ఎంతో ప్రసిద్ధి పొందిన మింట్ 2024 మార్చిలో మూతపడింది. ఏళ్ల తరబడి అందులో లెక్కలు రాసుకున్నవారు కొత్త చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఏ యాప్‌ను ఎంచుకున్నా, అందులోని లెక్కను బయటికి దింపుకునే సౌకర్యం ఉందో లేదో ముందు చూసుకోవాలని ఈ ఉదంతం చెబుతున్నది.

మన యువ దంపతులలో ఎక్కువమందికి తెలిసిన పేరు స్ప్లిట్‌వైజ్. గదిలో కలిసి ఉండే మిత్రులకు అది చక్కని సాధనమే. భార్యాభర్తలకు మాత్రం మేము దానిని సూచించలేము. ఆ యాప్ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరు ఎవరికి ఎంత బాకీ? షరీఅత్ ప్రకారం కుటుంబ పోషణ భారం భర్తది. భార్య తన సంపాదన నుంచి ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె ఔదార్యం. అలాంటి ఇంట్లో కిరాణా బిల్లును సగం సగం చేసి, ఆమె పేరిట బాకీ చూపించే యంత్రం ఒక తప్పుడు లెక్కను రోజూ కళ్లముందు పెడుతుంది.

గుడ్‌బడ్జెట్ అనే యాప్ పద్ధతి మన పెద్దలకు కొత్తగా అనిపించదు. జీతం రాగానే అద్దెకు ఒక కవరు, బడి ఫీజుకు ఒక కవరు, మందులకు ఒక కవరు అని విడదీసి పెట్టే పాత అలవాటునే అది తెర మీదకు తెచ్చింది. దాని ఉచిత రూపాన్ని రెండు ఫోన్లలో వాడుకోవచ్చు. ఒకరు ఖర్చు రాస్తే రెండవవారి ఫోన్‌లో ఆ కవరు తరిగి కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాతో ముడిపెట్టకుండా ఖర్చును చేత్తోనే నమోదు చేసుకోవచ్చు. ఇది శ్రమే అయినా, ఖర్చు పెట్టిన చేయే అంకెను రాయడం వలన ఆ అంకె మనసులో నిలుస్తుంది.

ఇవన్నీ చూసిన తరువాత మేము ఎక్కువ కుటుంబాలకు సరిపడేదిగా భావిస్తున్నది మాత్రం అన్నిటికంటే సాదాగా ఉండే గూగుల్ షీట్. పైసా ఖర్చు లేదు. వరుసలకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకే సమయంలో రాయవచ్చు. ఏ అంకెను ఎవరు ఎప్పుడు మార్చారో అందులోని మార్పుల చరిత్రలో భద్రంగా ఉంటుంది. అన్నిటికీ మించి, దూరంగా ఉండే దంపతులకు అది పనికివస్తుంది. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి దుబాయి, సౌదీలకు వెళ్లినవారి ఇళ్లలో లెక్క అంతా ఫోన్ సంభాషణలలోనే నడుస్తుంది. పంపిన డబ్బు ఏమయిందని అక్కడివారు అడుగుతారు, ఇక్కడివారు జ్ఞాపకం మీద చెబుతారు, ఆ సంభాషణ చాలాసార్లు నిష్ఠూరంతో ముగుస్తుంది. ఇంటి పనికి కువైట్ వెళ్లింది భార్య అయి, ఇక్కడ పిల్లలను చూసుకుంటున్నది భర్త అయిన ఇళ్లు కూడా మన మధ్య తక్కువ లేవు. అక్కడ ఈ ప్రశ్న మరింత సున్నితమైనది. దినార్లలో పంపినది ఒక వరుసలో, ఆ రోజు చేతికి అందిన రూపాయలు పక్క వరుసలో, పంపినందుకు పడిన రుసుము మరో వరుసలో రాసుకుంటే సగం అనుమానాలు అడగకుండానే తీరిపోతాయి.

షీట్‌లో ఏమి రాయాలన్నది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది గనుక నమూనా పట్టిక ఇవ్వడం లేదు. సాధారణంగా తప్పిపోయే కొన్ని విషయాలను మాత్రం చెబుతాము. గ్యాస్ సిలిండర్‌కు ముందు పూర్తి ధర చెల్లిస్తాము, రాయితీ తరువాత ఖాతాలో పడుతుంది. ఖర్చు ఒకరు రాస్తారు, జమ రెండవవారి ఖాతాలో పడి ఎవరూ రాయరు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత గల ఇంటికి 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు, ఆ హద్దు దాటితే మొత్తం వాడకానికీ కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ తిరిగే ఇంట్లో 15 రోజులకొకసారి మీటరు చూసి ఆ అంకెను షీట్‌లో వేసుకుంటే, నెలాఖరులో ఉలిక్కిపడే పని ఉండదు.

ఏ విదేశీ యాప్‌కూ తెలియని ఇంకొక సంగతి మన ఇళ్లలో ఉంది. మన పెద్ద ఖర్చులు హిజ్రీ తేదీలతో నడుస్తాయి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. రంజాన్ సామాన్లు, ఫిత్రా, పండుగ బట్టలు, బక్రీద్‌కు ఖుర్బానీ, ఇవన్నీ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతాయి. నిరుడు మార్చిలో ఎంతయిందో చూసి ఈ మార్చికి అంచనా వేసే యాప్ కొన్నేళ్లకు పూర్తిగా దారి తప్పుతుంది. 2030లో జనవరిలో ఒక రంజాన్, డిసెంబరు చివర్లో మరొక రంజాన్ మొదలవుతాయి. ఈ ఖర్చులకు ఇంగ్లీషు నెలలతో సంబంధం లేని ప్రత్యేక నిధి వరుస పెట్టుకోవడమే మేలు.

బిల్లుల విషయంలో పని ఇప్పుడు చాలా తేలిక. భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ ద్వారా కరెంటు, నీరు, గ్యాస్, ఫోన్ బిల్లులు సర్వీసు నంబరు ఒక్కసారి నమోదు చేస్తే ప్రతి నెలా వాటంతటవే యాప్‌లో కనిపిస్తాయి. అన్ని బిల్లులనూ ఒకరి ఫోన్‌లోనే నమోదు చేసి, కట్టిన వెంటనే షీట్‌లో తేదీ వేస్తే 'కట్టారా లేదా' అన్న ప్రశ్న పోతుంది. ఆటోపే పెట్టుకున్నవారు సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు వచ్చే సందేశాన్ని చదవకుండా తుడిచేయవద్దు. ఎప్పుడో పిల్లలు చూసి మానేసిన వీడియో చందాలు ఇంకా నెలనెలా డబ్బు లాగుతున్నాయేమో యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలో చూసి రద్దు చేయవచ్చు.

యూపీఐ సర్కిల్ అనే సదుపాయం 2024లో వచ్చింది. దీనిని గురించి కొంచెం ఆగి ఆలోచించవలసి ఉంది. బ్యాంకు ఖాతా ఉన్న ఒకరు, తన ఖాతా నుంచి చెల్లించే అధికారాన్ని ఇంట్లో మరొకరికి ఇవ్వవచ్చు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి దానిలో నెలకు గరిష్ఠంగా 15,000 రూపాయలు, ఒక్కసారికి 5,000 రూపాయల హద్దులో వారే స్వయంగా చెల్లించుకోవచ్చు. రెండవ దానిలో ప్రతి చెల్లింపుకూ ఖాతాదారు తన ఫోన్‌లో అనుమతి ఇవ్వాలి. కొత్తిమీర కట్టకు కూడా ఆఫీసులో ఉన్న భర్త అనుమతి కోసం కూరగాయల బండి దగ్గర నిలబడే ఇల్లాలి పరిస్థితిని ఊహించండి. అబూ సుఫ్యాన్ సతీమణి హింద్, తన భర్త చేతి పొదుపు మనిషి అనీ, తనకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడం లేదనీ దైవప్రవక్త (స) సన్నిధిలో చెప్పుకున్నారు. తనకూ బిడ్డలకూ ధర్మసమ్మతంగా సరిపడేంత తీసుకోవచ్చునని ఆయన (స) ఆమెకు అనుమతి ఇచ్చారు. బుఖారీ హదీసు గ్రంథంలో ఉన్న ఈ సంఘటన తెలిసినవారు ఆ రెండు రకాలలో మొదటిదానినే ఎంచుకుంటారని మా నమ్మకం.

లెక్క కలిసి చూసుకోవడం వేరు, ఆస్తి కలిసిపోవడం వేరు. మహర్, పుట్టింటివారు ఇచ్చిన నగలు, ఆమె జీతం ఆమె సొంతం. ఒకే తెర మీద కనిపించినంత మాత్రాన అవి ఉమ్మడి సొమ్ము కావు. అందుచేత షీట్‌లో ఆమె ధనానికి వేరే పేజీ ఉండాలి. అది భర్తకు చూపాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమె ఇంటి కోసం డబ్బు ఇచ్చినప్పుడు అది కానుకా, ఖర్జ్‌గా ఇచ్చినదా అన్న మాట అప్పుడే ఒక గడిలో రాసుకోవాలి. పదేళ్ల తరువాత స్థలం రిజిస్ట్రేషన్ వేళ ఆ మాట ఎవరికీ గుర్తుండదు. జకాత్ లెక్కకు కూడా ఈ విభజన తప్పనిసరి. నిసాబ్‌ను భార్యకు వేరుగా, భర్తకు వేరుగా చూడాలి. ఇద్దరి సొమ్మునూ కలిపి 2.5 శాతం తీసే యాప్ ఇద్దరి లెక్కనూ చెడగొడుతుంది. ఎవరి జకాత్ సంవత్సరం ఏ హిజ్రీ తేదీన పూర్తవుతుందో షీట్ పైనే రాసిపెట్టుకోవాలి.

ఈ యాప్‌లలో కొన్ని ఉచితంగా ఎందుకు దొరుకుతున్నాయో కూడా తెలుసుకోవాలి. ఖర్చు లెక్క కోసం దించుకున్న యాప్ రెండు నెలలు తిరిగేసరికి 'మీకు రుణం సిద్ధం' అంటుంది, 'ఇప్పుడు కొనండి, తరువాత కట్టండి' అంటుంది. క్రెడిట్ కార్డు బిల్లులో 'కనీస చెల్లింపు' అన్న గడి నింపితే చాలుననుకునేవారు ఎందరో ఉన్నారు. మిగిలిన మొత్తంపై ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడడం కార్డులలో మామూలు. పైగా పూర్తి మొత్తం కట్టకపోతే ఆ వడ్డీని కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు. కార్డు వాడక తప్పనివారు షీట్‌లో కొన్న రోజే ఆ ఖర్చును రాయాలి, బిల్లు వచ్చిన రోజు కాదు.

యాప్ మన ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి కోరితే, ఓటీపీలూ వాటిలోనే ఉంటాయని గుర్తుంచుకోవాలి. పరిచయస్తుల జాబితా, ఫోటోలు కూడా కావాలంటే ఆ యాప్‌ను తీసేయడమే మంచిది. షీట్‌ను 'లింకు ఉన్న ఎవరైనా' చూసేలా పెట్టకూడదు. ఇద్దరి ఈమెయిల్‌లకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. పిన్‌లు, కార్డు నంబర్లు అందులో రాయనే రాయవద్దు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా అధ్యాయంలో ఉంది. అది అప్పును గడువుతో సహా రాసిపెట్టుకోవడం గురించినది. కనుక షీట్‌లో చివరి పేజీని అప్పులకూ అమానత్‌లకూ కేటాయించమని కోరుతున్నాము. తమ్ముడికి చేబదులు ఇచ్చినది, దుకాణంలో ఉన్న బాకీ, చీటీ ఎన్ని నెలలు మిగిలిందీ, పక్కింటి ఆమె దాచమని ఇచ్చిన గాజులు అందులో ఉండాలి. మరణించినవారి అప్పులు తీర్చిన తరువాతనే వారసత్వ పంపకం జరుగుతుంది. ఆ అప్పుల సంగతి తెలిసిన ఫోన్ తాళం వేసి ఉంటే పంపకం ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ఆరు నెలలకొకసారి ఆ పేజీని దించి, కాగితం మీద అచ్చు తీయించి, ఇద్దరూ తేదీ వేసి సంతకం చేసి, ఇంటి పత్రాలున్న చోటే బీరువాలో పెట్టుకోండి.