తలంబ్రాల వేళ కెమెరా

పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశాలు, పుట్టినరోజు విందులలో తీసిన ఫొటోలు చాలావరకు మసకగానో, ముఖాలు పాలిపోయినట్లుగానో, వెనకున్నదంతా చీకట్లో కలిసిపోయినట్లుగానో రావడానికి కెమెరా ధర తక్కువ కావడం అసలు కారణం కాదు. వేడుక జరిగే చోట వెలుతురు కంటికి తోచినంతగా ఉండకపోవడమే కారణం. వెలుతురును కొలిచే లక్స్ అనే ప్రమాణంలో చెప్పాలంటే, మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు లక్ష లక్స్ ఉండగా, రాత్రివేళ సాధారణమైన ఇంటి హాలులో అది వంద దరిదాపుల్లోనే ఉంటుంది. కంటిపాప విప్పారడం వల్ల, మెదడు సర్దుబాటు చేసుకోవడం వల్ల ఈ వెయ్యి రెట్ల తేడా మనిషికి తెలియదు గానీ, కెమెరా మాత్రం ఆ లోటును ఏదో ఒక రూపంలో ఫొటోలో బయటపెడుతుంది. తెలుగువారి పెళ్లిముహూర్తాలు తరచుగా రాత్రివేళ, ఒక్కోసారి తెల్లవారుజామున పడుతుంటాయి కనుక ఈ సమస్య ఇక్కడ మరింత పెద్దది.

తక్కువ వెలుతురును ఎదుర్కోవడానికి కెమెరాకు ఉన్న దారులు మూడే. లెన్సులో వెలుగు ప్రవేశించే రంధ్రాన్ని ఎపర్చర్ అంటారు, ఎఫ్ 1.8, ఎఫ్ 4 వంటి అంకెలతో దానిని సూచిస్తారు, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఆ వెలుగు సెన్సర్ మీద ఎంతసేపు పడాలో నిర్ణయించేది షట్టర్ వేగం. పడిన వెలుగు నుంచి పుట్టిన సంకేతాన్ని ఎంతమేర పెంచాలో తెలిపేది ఐఎస్ఓ. దీనిని పెంచినకొద్దీ ఫొటో ప్రకాశవంతమైనా, ఇసుక చల్లినట్లు గరుకుచుక్కలు తేలుతాయి. ఫోన్లలో ఎపర్చర్ సాధారణంగా మారదు. పైగా 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే పెద్ద కెమెరా సెన్సర్‌తో పోలిస్తే చాలా ఫోన్ల సెన్సర్ వైశాల్యం పదోవంతు కూడా ఉండదు. అందువల్ల ఫోను తనంతట తాను షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, లేదా నైట్ మోడ్ అనే పద్ధతిలో వరసగా అనేక ఫొటోలు తీసి వాటిని ఒక్కటిగా కలుపుతుంది. గోపురానికో దీపాలంకరణకో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. నవ్వుతూ, తల తిప్పుతూ, చేతులు ఊపుతూ ఉండే మనుషుల విషయంలో మాత్రం ముక్కలు అతికినట్లు అవుతుంది.

ఈ చిక్కు ఎంతటిదో తలంబ్రాల ఘట్టం చూస్తే తెలుస్తుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలే చెయ్యి, షట్టరు 1/15 సెకను తెరిచి ఉంటే, ఆ కాస్త వ్యవధిలోనే దాదాపు 7 సెంటీమీటర్లు జరిగిపోతుంది. వేళ్లు వేళ్లుగా కనిపించవు. తలపై నుంచి అరమీటరు కిందికి జారిన బియ్యపు గింజ వేగం సెకనుకు 3 మీటర్లు దాటుతుంది కాబట్టి, 1/250 సెకనులో కూడా అది 12 మిల్లీమీటర్లు, అంటే తన పొడవుకు దాదాపు రెట్టింపు దూరం ప్రయాణించి ఫొటోలో గీతలా మిగులుతుంది. గింజలను గాలిలో నిలిపినట్లు పట్టాలంటే 1/1000 సెకను కావాలి. అంత వేగానికి మండపంలో మామూలుగా ఉండే వెలుతురు చాలదు. నిజానికి గింజలు గీతలైతే నష్టమేమీ లేదు, ఆ జల్లు అందంగానే ఉంటుంది. వధూవరుల ముఖాలు చెదరకపోవడమే ముఖ్యం. ముఖాలకు 1/125 సెకను చాలావరకు సరిపోతుంది కనుక, షట్టర్ వేగాన్ని మనమే ఎంచుకోనిచ్చే ప్రో మోడ్ ఉన్న ఫోన్లలో ఆ వేగాన్ని ముందే నిర్ణయించి, మిగిలిన లోటును ఐఎస్ఓకు వదిలివేయడం మంచిది. గరుకుచుక్కలున్న స్పష్టమైన ముఖం, నున్నగా కనిపించే మసక ముఖం కంటే ఎప్పుడూ మేలు.

వెలుతురు చాలనప్పుడు వెంటనే తోచే ఉపాయం ఫ్లాష్. వేడుక ఫొటోలను ఎక్కువగా పాడుచేసేది కూడా అదే. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీటే, యోహానెస్ గేడికే మెగ్నీషియం పొడితో ఫ్లాష్‌ను రూపొందించిన నాటి నుంచి నేటి ఫోను దీపం వరకు దానిని శాసిస్తున్న భౌతిక సూత్రం ఒక్కటే: వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, అనగా దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతుకు, మూడింతలైతే తొమ్మిదోవంతుకు పడిపోతుంది. బంతి భోజనాల వరసను ఒక కొసన నిలబడి ఫ్లాష్‌తో తీస్తే, మీటరు దూరంలో కూర్చున్న అతిథి ముఖం సున్నం కొట్టినట్లు తెల్లబడి, మూడు మీటర్ల దూరంలోని అతిథి చీకట్లో మిగిలిపోవడానికి కారణం ఇదే. బంతికి ఎదురుగా, మధ్యలో నిలబడితే ఆకులన్నీ ఇంచుమించు ఒకే దూరంలోకి వస్తాయి కనుక ఈ తేడా చాలా తగ్గుతుంది. ఫోను ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటితే పనికిరాదన్న సంగతి తెలిస్తే, హాలు చివరి వరసలో కూర్చొని పెళ్లిపీటల వైపు ఫ్లాష్ వెలిగించే అలవాటు కూడా పోతుంది. అక్కడ వెలిగేది ముందు వరసలోని వారి వీపులు మాత్రమే.

ప్రత్యేక ఫ్లాష్ ఉన్న కెమెరా చేతిలో ఉంటే దానిని అతిథుల ముఖాల మీదికి కాక, పైకప్పు వైపో పక్కనున్న గోడ వైపో తిప్పడం ఉత్తమం. అప్పుడు తెల్లని ఉపరితలం మొత్తం ఒక పెద్ద దీపంలా మారి, మెత్తటి వెలుగు ముఖాల మీద పరుచుకుంటుంది. నీడల అంచులు కరిగిపోతాయి, లెన్సు పక్కనే ఉన్న ఫ్లాష్ వల్ల కంటిలోపలి రక్తనాళాల నుంచి వెలుగు తిరిగివచ్చి కలిగే ఎర్రకన్ను దోషం కూడా ఉండదు. అయితే ఆకుపచ్చ గోడ ఆకుపచ్చ రంగునే ముఖాలకు పూస్తుంది, ఫంక్షన్ హాళ్ల ఎత్తైన పైకప్పు వెలుగును తిరిగి పంపదు.

ఫ్లాష్ లేకుండా విందులను చిత్రించిన తొలితరంలో జర్మన్ ఫొటోగ్రాఫర్ ఎరిక్ సలోమన్ ప్రముఖుడు. న్యాయశాస్త్రం చదివిన ఆయన, ఎఫ్ 2, తరువాత ఎఫ్ 1.8 లెన్సులతో వచ్చిన ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాను చేతబట్టి, దౌత్య సమావేశాలలోకి, రాజకీయ విందులలోకి వెళ్లి, ఎవరూ తనను గమనించని క్షణాలలో ఫొటోలు తీశారు. 1930లో హేగ్ నగరంలో యుద్ధ నష్టపరిహారాల చర్చలు రాత్రి బాగా పొద్దుపోయేవరకు సాగినప్పుడు, అలసి కుర్చీలలో కూలబడిన మంత్రులను ఆయన తీసిన చిత్రం పత్రికా ఛాయాగ్రహణ చరిత్రలో నిలిచిపోయింది. యూదుడైన సలోమన్ 1944లో ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో మరణించారు. ఉన్న వెలుతురును వెతుక్కొని, కెమెరాను కదలకుండా పట్టుకొని, మనుషులు కాసేపు నిశ్చలమయ్యే క్షణం కోసం వేచి ఉండడమే ఆయన పద్ధతి, ఎఫ్ 1.8 ఈనాడు సామాన్యమైన ఫోన్లలోనూ కనిపించే అంకె కనుక, ఆ పద్ధతి అతిథులందరికీ అందుబాటులో ఉన్నదే.

పెళ్లిమండపంలో ఉన్న వెలుతురును వెతుక్కోవడమంటే చాలాసార్లు వీడియో తీసేవారి దీపాన్ని గమనించడమే. హాలులో అంతకు మించిన వెలుగు మరొకటి ఉండదు, దానికి అద్దె చెల్లించేది కూడా పెళ్లివారే. దీపం వెనకే నిలబడి తీస్తే ముఖాలు చదునుగా, కాగితం మీద అతికించినట్లు వస్తాయి. దీపానికి పక్కగా, వెలుగు వధూవరుల ముఖాలపై ఏటవాలుగా పడేటట్లు నిలబడితే ముక్కు, చెంపలు, నగల చెక్కడం అన్నీ ఉబ్బెత్తుగా తేలుతాయి. జీలకర్ర బెల్లం పెట్టించి అడ్డుతెర తొలగించే సమయంలో వీడియో దీపం ఏ వైపు ఉంటుందో ముందుగానే చూసుకొని చోటు పట్టుకున్నవారికి ఆ తొలిచూపు దక్కుతుంది. తెర దిగిన తరువాత పరుగెత్తేవారికి దొరికేది పురోహితుని భుజం.

వేదిక వెనక ఎల్ఈడీ తెరలు పెట్టే ఆచారం ఈమధ్య వచ్చి పడింది. కెమెరా తన ముందున్న దృశ్యమంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు ప్రకాశంతో ఉంటుందని భావించి లెక్క కడుతుంది కాబట్టి, వెనక తెర ధగధగలాడితే ఫొటో మొత్తం ప్రకాశాన్ని తగ్గించి మనుషులను నీడలుగా మారుస్తుంది. తెల్లపంచెల పెద్దలు వరసగా నిలబడినప్పుడు ఆ తెలుపు మాసినట్లు కనిపించడానికీ ఇదే లెక్క కారణం. ఫోను తెరపై ముఖాన్ని వేలితో తాకితే కెమెరా ఆ ముఖాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. చాలా ఫోన్లలో అక్కడే కనిపించే సూర్యుని గుర్తును పైకో కిందికో జరిపి ప్రకాశాన్ని సరిచేయవచ్చు. ఊదా, గులాబీ రంగుల అలంకరణ దీపాల విషయంలో మాత్రం ఈ సర్దుబాటు ఫలించదు, ఎందుకంటే ఆ దీపంలో లేని రంగును ఏ సవరణా తిరిగి తేలేదు. మనిషిని రెండడుగులు తెల్లదీపం కిందికి రమ్మనడమే పరిష్కారం. 50 హెర్ట్జుల విద్యుత్తుతో వెలిగే నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫొటోలో అడ్డచారలు వస్తే షట్టరును 1/100 లేదా 1/50 సెకనుకు మార్చాలి.

ఇక దూరం సంగతి. ఫోను ప్రధాన లెన్సు విశాలమైన దృశ్యాన్ని పట్టేందుకు చేసినది కనుక, చేతిదూరంలో ఉన్న ముఖాన్ని దానితో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. బృందచిత్రంలో అంచున నిలబడినవారు పక్కకు సాగిపోతారు, పాపం వారికి అది ఒళ్లు చేసినట్లు కనిపిస్తుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడితే ముఖాలు సహజమైన పొందికతో వస్తాయి. బృందంలో ఎవరో ఒకరు కళ్లు మూసుకోవడం మరొక బాధ. ఆస్ట్రేలియాకు చెందిన నిక్ స్వెన్సన్, పీర్స్ బార్న్స్ రెప్పపాటు వేగాన్ని లెక్కగట్టి, ఇరవై మందికి లోపు బృందమైతే మంచి వెలుతురులో మనుషుల సంఖ్యలో మూడోవంతు, తక్కువ వెలుతురులో సగం సంఖ్యలో ఫొటోలు తీస్తే అందరి కళ్లూ తెరిచి ఉన్నది ఒకటి దొరుకుతుందని సూత్రీకరించి, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతిని 2006లో గణితశాస్త్రంలో అందుకున్నారు. ఫంక్షన్ హాలులో పన్నెండు మంది నిలబడితే ఆరు ఫొటోలు అన్నమాట.

వేదిక ఎక్కి వరసలో నిలబడిన ఫొటోలు హాజరుపట్టీ వంటివి, వాటి అవసరం వాటికి ఉంది. వేడుక మాత్రం మరోచోట జరుగుతుంటుంది. పూలజడ సరిచేసే అత్త చేతులు, నిద్ర ఆపుకోలేక తండ్రి భుజం మీద ఒరిగిన పిల్ల, అప్పగింతల వేళ ముఖం పక్కకు తిప్పుకున్న అన్న వంటి దృశ్యాలు కెమెరావైపు చూడమని పిలిస్తే దొరకవు. అయితే చూడమని పిలవకపోవడం వేరు, ఇష్టం లేనివారిని తీయడం వేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నుంచి రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్, 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో ప్రత్యేక స్టూడియో ఏర్పరచి, తీయించుకునేవారి సమ్మతికి ఆనాడే విలువ ఇచ్చారు. నోట్లో ముద్ద ఉన్నవారిని, కన్నీరు పెట్టుకున్నవారిని తీసిన ఫొటోను వారికి చూపించి అడిగిన తరువాతే ఇతరులకు పంపడం మర్యాద.

ఇంత శ్రద్ధతో తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోయి చిన్నదై చేరుతుంది. ఆల్బమ్‌లో అచ్చు వేయించదలచినవారు దానిని డాక్యుమెంటుగా పంపించుకోవాలి. తీయడానికి ముందు, ముఖ్యంగా భోజనాల తరువాత, నేతి వేళ్లు తగిలిన ఫోను లెన్సును మెత్తటి పొడిబట్టతో ఒకసారి తుడవాలి.