ఇంటి వ్యాపారాలు - పురపాలక నియమోల్లంఘన నిరూపణ: తార్నాక నేపథ్యం

1. ప్రవేశిక:
ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలో విద్యార్థుల అవసరాలే అనేక గృహాలకు జీవనాధారం. ప్రైవేటు హాస్టళ్లు, మెస్‌లు, డీటీపీ, సిద్ధాంతగ్రంథాల బైండింగు, కుట్టుపని వంటివి నివాస వీధులలోనే సాగుతుంటాయి. వీటిపై ఫిర్యాదు న్యాయస్థానానికి చేరినప్పుడు ఒకవైపు కుటుంబపు బతుకుతెరువు, మరొకవైపు ఇరుగుపొరుగువారి ప్రశాంతత, భద్రత తీర్పుపై ఆధారపడతాయి. ఇంట్లో వ్యాపారం ఉన్నదని చూపినంత మాత్రాన ఉల్లంఘన రుజువు కాదు. ఏ నియమాన్ని, ఎవరు, ఎప్పుడు, ఏ చర్యతో అతిక్రమించారో నిరూపించాలి. ఈ క్రమాన్ని వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. నియమ నిర్ధారణ:
గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ చట్టం, 1955లోని 521వ సెక్షన్ కొన్ని వ్యాపారాలకు లైసెన్సును తప్పనిసరి చేస్తుంది. ఆమోదిత ప్లానుకు భిన్నంగా భవనాన్ని వినియోగించడం వేరొక ఉల్లంఘన. మొదటిదానికి లైసెన్సు రిజిస్టరు, రెండవదానికి మంజూరైన ప్లాను ప్రధానాధారాలు.

పదాల అర్థ నిర్ణయమూ కీలకమే. న్యాయవాది కార్యాలయం కేరళ దుకాణాల చట్టం ప్రకారం 'వాణిజ్య సంస్థ' కాదని వి. శశిధరన్ కేసులో (1984) సుప్రీంకోర్టు తేల్చింది. నోయిడా నివాస ప్లాట్లలో బ్యాంకులు, నర్సింగ్ హోంల నిర్వహణను ఆర్.కె. మిట్టల్ కేసులో (2011) అదే న్యాయస్థానం అంగీకరించలేదు.

3. నిరూపణ భారం:
భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 104వ సెక్షన్ ప్రకారం ఆరోపించినవారే రుజువు చేయాలి. శిక్ష కోరే కేసులో సహేతుక సందేహానికి తావుండరాదు. సివిల్ వివాదంలో సంభావ్యతల మొగ్గు చాలు. ఒక వ్యక్తికి ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని రుజువు చేసే భారం 109వ సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తిదే. టికెట్టు లేకుండా రైలెక్కాడన్న అభియోగం వచ్చినప్పుడు టికెట్టు ఉన్నదని ప్రయాణికుడే చూపాలన్నది ఆ సెక్షన్ ఇచ్చే ఉదాహరణ.

4. పంచనామా భాష:
'ఇక్కడ అక్రమంగా హాస్టల్ నడుస్తున్నది' అన్నది నిర్ణయమే తప్ప సాక్ష్యం కాదు. 'రెండవ అంతస్తులోని ఆరు గదులలో పద్దెనిమిది మంచాలు, గోడపై భోజన వేళల పట్టిక, నెలవారీ అద్దె రసీదుల పుస్తకం ఉన్నవి' అన్నది సాక్ష్యానికి పనికివచ్చే వాక్యం. మొదటిది రాసినవారి అభిప్రాయాన్ని, రెండవది చూసినదానిని తెలుపుతుంది. తేదీ, సమయం, నిర్వాహకుల వివరాలు, సాక్షుల సంతకాలు లేని పంచనామా అడ్డుప్రశ్నల ముందు నిలవడం కష్టం. ఒక్కనాటి తనిఖీ ఆనాటి స్థితినే చెబుతుంది. వ్యాపారం నిరంతరం సాగుతున్నదనడానికి వేర్వేరు తేదీల తనిఖీలు అవసరం. సెల్‌ఫోన్ ఫోటోలను సాక్ష్యంగా ప్రవేశపెట్టాలంటే 63వ సెక్షన్ కోరే ధ్రువీకరణ పత్రం, హ్యాష్ విలువతో సహా జతచేయాలి.

5. ముగింపు:
నియమం, వినియోగం, వ్యక్తి, కాలం అనే నాలుగింటిని కలిపే ఆధారాలే ఉల్లంఘనను రుజువు చేస్తాయి. వీటిలో ఏది లోపించినా నిజమైన ఫిర్యాదు వీగిపోవచ్చు, లేదా కుట్టుమిషనుపై బతికే ఇల్లాలు అకారణంగా దోషిగా నిలవవచ్చు. కనుక చూసినదానిని చూసినట్లు రాసే పంచనామా ఫిర్యాదుదారుకూ నిర్వాహకులకూ సమానంగా రక్షణ కల్పిస్తుంది.