పిల్లి నీళ్లు తాగదు... తింటుంది!

పాల గిన్నె చప్పుడుకే పరుగెత్తుకొచ్చే పిల్లి, నీళ్ల గిన్నె చూస్తే ముఖం తిప్పుకుంటుంది. అది పొగరా, పద్ధతా? కొత్తగూడ పెరట్లో ఒక మధ్యాహ్నం కాపు కాస్తే తెలిసిన సంగతి ఇది.

"ఎండలు ముదురుతున్నాయి. పెంపుడు పిల్లికి నీళ్లు తాగించడం ఎలాగో రాయండి. గురువారం సాయంత్రానికి కావాలి. ముఖచిత్రానికి పిల్లి నీళ్లు తాగుతున్న ఫొటో ఉండాలి." ఎడిటర్ గారి ఫోన్ అంతే. రాయడం తేలికనుకున్నాను, ఫొటో ఇంకా తేలికనుకున్నాను. రెండు లెక్కలూ తప్పాయి.

నర్సంపేట దాటి పాకాల అడవి మీదుగా కొత్తగూడ చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అక్కడ మా పెద్దమ్మ ఇంట్లో పిల్లి ఉంది. తళతళలాడే కొత్త స్టీలు గిన్నె కొనుక్కెళ్లి, నిండా నీళ్లు పోసి, వెలుతురు బాగా పడేచోట పెట్టాం. పిల్లి వచ్చింది. వాసన చూసింది. ముందుకాలితో అంచు మీద ఒక్కటిచ్చింది. వెళ్లి అరుగు మీద పడుకుంది. రెండు గంటల్లో ఫొటోగ్రాఫర్ మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. పిల్లి చుక్క ముట్టలేదు.

"గిన్నెల ఎందుకు తాగుతది బిడ్డా? దాని జాగ వేరే ఉన్నది" అంది పెద్దమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

ఆ జాగ ఏదో ఎండ తగ్గాక తెలిసింది. పెరట్లో వేపచెట్టు కింద ఇసుక పోసి, దాని మీద నీళ్ల రంజను కూర్చోబెట్టారు. మట్టి రంజను పొట్టకు చెమట పట్టినట్టు చెమ్మ ఊరుతుంది. పిల్లి తాపీగా వచ్చి, రంజనుకు భుజం ఆనించి, ఆ చెమ్మను నాకడం మొదలుపెట్టింది. కెమెరా చప్పుడును కూడా పట్టించుకోలేదు. ముఖచిత్రానికెక్కిన ఫొటో అదే. గిన్నె లేదు, నీళ్లున్నాయి.

నాలుగు బుర్రలు, ఒక నాలుక

ఆ రాత్రి పిల్లి నాలుక గురించి వెతుకుతుంటే ఒక పరిశోధన పత్రం దొరికింది. మిగతా చదువంతా పక్కన పెట్టించింది.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రోమన్ స్టాకర్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఒకరోజు పొద్దున టిఫిన్ చేస్తూ తన పిల్లి 'కట్టా కట్టా' ద్రవాన్ని నాకడం గమనించారు. ఇది పైకి ఎలా వస్తోంది? మనలాగా పీల్చుకోవడానికి పిల్లికి బుగ్గలు పూర్తిగా మూసుకోవు. ఆ సందేహాన్ని పెడ్రో రీస్, సుంగ్వాన్ జంగ్, జెఫ్రీ అరిస్టాఫ్ అనే ముగ్గురు తోటివారికి అంటించారు. ఎవరూ నిధులివ్వలేదు. పిల్లికి దాహం వేసేదాకా కెమెరా పట్టుకుని కూర్చోవడమే పని. మా ఫొటోగ్రాఫర్‌కు ఈ సంగతి చెబితే, ప్రాణం కాస్త కుదుటపడింది.

సెకనులో జరిగేదాన్ని సాగదీసి చూపే వీడియోలో తేలింది ఇది. పిల్లి నాలుక కొసను వెనక్కి మడుస్తుంది. ఆ మడతను నీటి పైపొరకు తగిలీ తగలనట్టు ఆనిస్తుంది. చటుక్కున పైకి లాగుతుంది. నాలుకకు అంటిన నీరు సన్నటి తీగలా వెంట లేస్తుంది. పైకి లేచే ఊపు ఒకవైపు గుంజుతుంది, భూమ్యాకర్షణ మరోవైపు గుంజుతుంది. భూమి గెలిచి ఆ తీగ తెగే లోపే పిల్లి నోరు మూసేస్తుంది. గడ్డం తడవదు, మీసం తడవదు. నాలుక వేగం సెకనుకు దాదాపు 78 సెంటీమీటర్లు. సెకనుకు సుమారు నాలుగు నాకులు. ఒక్కో నాకుకు దక్కేది దాదాపు 0.1 మిల్లీలీటరు.

ఆ నలుగురూ అక్కడితో ఆగలేదు. అంతరిక్ష కేంద్రంలో ప్రయోగం కోసం తయారైన రోబో ఒకటి ఉంటే, దానికి నాలుక బదులు గాజు బిళ్ల తగిలించి నీటి తీగ లెక్క తేల్చారు. జూకు వెళ్లి పెద్ద పిల్లుల్ని చిత్రీకరించారు. యూట్యూబ్‌లో జనం పెట్టిన పులుల, సింహాల వీడియోలనూ వదల్లేదు. ఒళ్లు పెరిగేకొద్దీ నాకే వేగం తగ్గుతుందని తేల్చి, 2010 నవంబరులో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. నాలుక వెనక్కి మడవడాన్ని అదే సంస్థకు చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1940లోనే ఒక పొట్టి సినిమాలో చూపించారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ మడత చేసే పని అర్థం కావడానికి మరో 70 ఏళ్లు పట్టింది.

ఆ అంకెల్ని పెద్దమ్మ పిల్లికి కట్టి చూశాను. నాలుగు కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. అదంతా గిన్నెలోంచే రావాలంటే 2,000 నాకులు, అంటే ఎనిమిది నిమిషాలకు పైగా ఊపిరాడని పని. ఒళ్లొంచని జీవానికి అది కుదిరే బేరం కాదు. అందుకే అది నీటిని తిండిలోంచి తీసుకుంటుంది. ఎలుక ఒంట్లో మూడింట రెండు వంతులు నీరే. సంచిలోంచి తీసి పోసే పిల్లి తిండి పొడి గింజల్లో నీరు నూటికి పది పాళ్లే. రోజుకు 60 గ్రాములు తిన్నా దక్కేది ఆరు మిల్లీలీటర్లు. తడి ఆహారంలో నూటికి 75 పాళ్లకు పైనే నీరు. పిల్లి పాతదే. మారింది దాని కంచం.

చరిత్ర ఒక్క గుక్కలో: ఇంటి పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అడవిపిల్లి. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కన పిల్లి అస్థిపంజరం దొరికిన సంగతి 2004లో బయటికొచ్చింది. నీళ్లు దొరకని చోట పుట్టిన జాతి కాబట్టి దాని మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరచగలవు. దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. మన అడవుల బావురుపిల్లి దీనికి దాయాదే అయినా, చెరువు గట్లనీ రెల్లు పొదల్నీ వదలదు. 

రామకృష్ణుడి పిల్లీ, నా మందు బిళ్లా

మన సామెతల్లో పిల్లికి తరచూ పాలూ ఉట్టీనే. కళ్లు మూసుకుని తాగినా, శాపనార్థాలు పెట్టినా వాటి కోసమే. నీళ్ల ఊసుండదు. పిల్లి తాగనని మొండికేసిన కథ మాత్రం తెలుగువాళ్లందరికీ తెలుసు. తెనాలి రామకృష్ణుడు పొగలు కక్కే పాలు పెడితే మూతి కాలింది. ఆ తర్వాత రాయల ముందు పాల గిన్నె కనపడగానే పిల్లి పరుగో పరుగు. నవ్వుకుని వదిలేసే కథే గానీ, ఇందులో పశువైద్యం ఉంది. చేదు అనుభవాన్ని పిల్లి గిన్నెకు అంటగట్టి గుర్తుపెట్టుకుంటుంది.

నాకు ఆ కథ ఆలస్యంగా అర్థమైంది. మా ఇంట్లో పిల్లి ఉన్న రోజుల్లో ఒకసారి మందు బిళ్ల నూరి దాని నీళ్ల గిన్నెలో కలిపాను. తెలివైన పనే అనుకున్నాను. ఆ పూట నుంచి ఆ గిన్నె దగ్గరికి రానేలేదు. కడిగినా రాలేదు, చోటు మార్చినా రాలేదు. గిన్నె మార్చాకే మళ్లీ తాగింది.

ఇక పిల్లి కోసం నీళ్లు పారించే ఫౌంటెన్ యంత్రాల ప్రకటనలంటే నాకు గురి తక్కువ. 2010లోనే వచ్చిన ఒక పశువైద్య అధ్యయనంలో పిల్లులు ఫౌంటెన్ నీళ్లు కాస్త ఎక్కువే తాగాయి గానీ, మూత్రం చిక్కదనంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పారే నీళ్లంటే మోజున్న పిల్లికి పెట్టండి, తప్పులేదు. ముందు దాని ముద్ద తడపండి.

బాక్సు 1: తాగించకుండా తాగించడం

• పొడి గింజలు పెట్టేవాళ్లు గోరువెచ్చని నీళ్లు చల్లి నానబెట్టండి. మొదటిరోజు ఒక చెంచా, తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. నానింది ఎండలో గంటలకొద్దీ ఉంచొద్దు.
• చేప గానీ కోడి ముక్క గానీ ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ముళ్లూ ఎముకలూ తీసేసి, ఆ నీళ్లతోనే పెట్టండి.
• లోతు గిన్నె కంటే వెడల్పాటి మట్టి మూకుడు మేలు. అంచుదాకా నింపండి. రోజూ కడిగి కొత్త నీళ్లు పోయండి.
• తిండికి, మలవిసర్జన చోటుకు దూరంగా రెండు మూడు చోట్ల నీళ్లు ఉంచండి.
• పులుసు, చారు వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. ఒంట్లో ఉన్న నీరూ పోతుంది.
• బలవంతంగా నోట్లో పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బాక్సు 2: చిట్కాలు పనిచేయని వేళ

మూత్రం చిక్కబడితే స్ఫటికాలు పేరుకోవచ్చు. మగ పిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది. పదేపదే కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయలేకపోతే నాళం మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఉన్నట్టుండి మరీ ఎక్కువ తాగడం మొదలుపెట్టినా సంతోషించకండి. మూత్రపిండాల జబ్బుకో మధుమేహానికో గుర్తు కావచ్చు.

బయల్దేరేటప్పుడు స్టీలు గిన్నె పిల్లికే ఉంచమని పెద్దమ్మ చేతికిచ్చాను. ఆమె నవ్వి, నీళ్లు నింపి కోళ్ల ముందు పెట్టింది. అవి వెంటనే తాగాయి. పిల్లి అరుగు మీద నుంచి ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.