కొట్టంలో మెడ కటకటాలు: కొనే ముందు కొలుచుకోండి

పత్తి, మిర్చి ధర ఎట్లా పలుకుతుందో మార్కెట్టుకు పోయేదాకా తెలియదు. పాల పైసలతోనే చాలా ఇండ్లు గడుస్తాయి. అందుకే నెల్లికుదురు, కేసముద్రం వైపు రెండు బర్రెలున్న ఇంట్లో మూడోది, నాలుగోది చేరగానే కొత్త కొట్టం మాట వస్తుంది. ఆ మాటతోనే ఇనుప పైపుల కటకటాల సంగతీ చెవిన పడుతుంది. పశువు మేతకు తల పెట్టగానే మెడ దగ్గర కడ్డీ దానంతటదే పడిపోయే ఈ ఏర్పాటును ‘సెల్ఫ్ లాకింగ్ హెడ్‌లాక్’ అంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే అందరికీ అక్కరకొస్తుందా అన్నదే ప్రశ్న.

పనిచేసే తీరు

గాడి ముందు ఒక్కో పశువుకు ఒక్కో సందు ఉంటుంది. సందుకు ఒక పక్క కదలని కడ్డీ, రెండో పక్క ఊగే కడ్డీ. పశువు మేతకు మెడ దించగానే ఊగే కడ్డీ అడుగు భాగం పక్కకు జరుగుతుంది. పై భాగం మెడ మీదికి వచ్చి కొక్కెంలో పడుతుంది. మేత తిన్నాక చివరనున్న పిడి తిప్పితే వరుసలోని పశువులన్నీ ఒకేసారి విడుదలవుతాయి.

దీనివల్ల లాభాలు లేకపోలేదు. బలమైన బర్రె పక్కదాని దాణా లాక్కోలేదు. నోటికందిన గడ్డిని వెనక్కి లాగి కాళ్ల కింద తొక్కడం తగ్గుతుంది. గాలికుంటు టీకా వేసేటప్పుడు, చూడి పరీక్ష చేసేటప్పుడు నలుగురు మనుషులు పట్టుకోవాల్సిన పని ఉండదు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఏటా రెండుసార్లు ఉచితంగా వేస్తున్నారు. పశువు నిలకడగా ఉంటే ఆ పని నిమిషాల్లో అయిపోతుంది.

ఎవరికి, ఏది?

ఒకటి నుంచి నాలుగు పశువులున్న వారికి ఈ తాళాలు అవసరం లేదు. గట్టి గుంజ, మంచి పలుపు, మధ్యలో అడ్డుకట్టలున్న గాడి చాలు. టీకాలకు, ఎద సూదికి ఊరి పశువైద్యశాలలో ఉండే ట్రెవిస్ వాడుకోవచ్చు. అది దూరమైతే నలుగురైదుగురు రైతులు కలిసి వేప దుంగలతోనో, పైపులతోనో వాడకు ఒకటి వేసుకుంటే ఖర్చు పంచుకున్నట్టవుతుంది.

ఐదు నుంచి పది దాకా ఉంటే ఏటవాలుగా బిగించిన మామూలు కడ్డీలు మేలు. తల పెట్టాలన్నా, తీయాలన్నా పశువు కాస్త మెడ వంచాలి గనుక గడ్డి విసరడం తగ్గుతుంది. ఇందులో తాళం లేదు, చెడిపోయే భాగమూ లేదు. చివరి ఒకటి రెండు సందులకు మాత్రం తాళం పెట్టించుకుంటే వైద్యం పనికి సరిపోతుంది.

పది దాటి, పశువులను కట్టకుండా దొడ్డిలో వదిలి పెంచేవారికి మాత్రం వరుసంతా తాళాలు పెట్టడం గిట్టుబాటవుతుంది. వదిలేసిన మందను మేత వేళ ఒక్కచోట నిలిపేది ఇదే.

కొమ్ముల సంగతి మరవొద్దు

ఈ కటకటాలు మొదట కొమ్ములు లేని ఆవుల కోసం చేసినవి. మన నాటు బర్రె కొమ్ములు పొడుగ్గా వెనక్కి సాగి ఉంటాయి. ఇరుకు సందులో తల దూరదు. దూరినా బయటికి రాదు. ముర్రా కొమ్ములు మెలి తిరిగి తలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి కొంత నయం. మీ మందలో అన్నిటికన్నా వెడల్పు కొమ్ములున్న పశువును కొలిచి, ఆ కొలత కాగితం మీద రాసి షాపుకు తీసుకుపోండి. దూడలకు మొదటి రెండు వారాల్లోనే పశువైద్యుడితో కొమ్ము మొలక తీయిస్తే ముందుముందు ఈ బాధ ఉండదు.

కొలతలు

పెద్ద పశువుకు గాడి దగ్గర రెండు నుంచి రెండున్నర అడుగుల జాగా ఉండాలి. బర్రెలకైతే రెండున్నర వదలండి. తాళం పడ్డాక మెడ సందు ఏడెనిమిది అంగుళాలుండాలి. పశువును బట్టి సందు మార్చుకునే బోల్టులున్న రకమే కొనండి. పశువు వైపు గాడి గోడ అడుగున్నర నుంచి పావుతక్కువ రెండడుగుల ఎత్తు మించకూడదు. గాడి అడుగు భాగం పశువు నిలబడే నేల కంటే నాలుగైదు అంగుళాలు పైకుంటే మెడ మీద భారం తగ్గుతుంది.

పైపు చూసి కొనండి

జీఐ పైపు మీద పసుపు గీత ఉంటే పలుచనిది, నీలం గీత మధ్యరకం, ఎర్ర గీత మందమైనది. పశువు రుద్దుకునే చోట నీలానికి తగ్గొద్దు. ‘ఒక్కో సందుకు ఇంత’ అనే ధరతో సరిపెట్టుకోకుండా తూకం ఎంతో, కిలో ఎంతో అడగండి. మూత్రం, పెండ తగిలే నేల మట్టం దగ్గరే పైపు ముందు తుప్పు పడుతుంది. అక్కడ చుట్టూ వాలుగా సిమెంటు దిమ్మె కట్టించాలి. కొక్కెం దగ్గర పదునైన అంచులు ఉండకూడదు. చెయ్యి పెట్టి తడిమి చూడండి.

ప్రాణం మీదికి రాకుండా

తాళంలో ఉన్న పశువు గాడి దాటి నీళ్లకు పోలేదు, పడుకోలేదు. గంటకు మించి ఉంచొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం అసలే బిగించొద్దు. కాలు జారి పడిన పశువుకు మెడ బిగిసి ఊపిరాడదు. అందుకే పశువు కింద పడినా కడ్డీ అడుగు నుంచి తెరుచుకునే రకమే అడగండి. తాళం వేసి మనిషి పక్కకు పోకూడదు.

రాత్రి పూట తాళాలన్నీ తీసే ఉంచాలి. 2024 సెప్టెంబరు 1న వచ్చిన వరదకు ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అట్లాంటి రాత్రి తాళంలో చిక్కిన పశువు ఎటూ కదలలేదు. పలుపైనా ఒక్క గుంజుతో ఊడే ముడి వేయడం మంచిది.

కొత్తగా బిగించినవారు మొదటి వారం పది రోజులు తాళం పడకుండా కట్టేసి, మేత మాత్రమే వేసి పశువులను అలవాటు చేయాలి. వరుసంతా ఒకేసారి కొనకుండా ఒక్క సందు తెచ్చి పెట్టి చూడండి. మీ పశువు తల సులువుగా పెట్టి, సులువుగా తీస్తేనే మిగతా వాటికి పైసలు కట్టండి. అనుమానముంటే కొలతల కాగితం మీ పశువైద్యుడికి ఒకసారి చూపించండి.